కారిడార్‌లో స్కోరు రాసుకున్న మనిషి

ఆయన మీద ఉగాది సంచికకు ఒక పేజీ కావాలని మా తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్ చేసేసరికి ఆయన పోయి ఐదు వారాలైంది. కార్యదర్శి వరంగల్ కుర్రాడు. ఇక్కడ జర్మనీలో, జిండెల్ఫింగెన్‌లో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు.

“కొత్తది రాయనీకి టైమ్ లేకపోతే ఫికర్ చెయ్యకు అన్నా. నీ పాత పీస్ ఉంది కదా, ఫుట్‌బాల్ పిచ్చి అంకుల్ మీద రాసింది. గదే మళ్ల వేసేద్దాం. మస్తు నవ్విన్రంట అందరు.”

“నువ్వు చదివినవా?”

“లేదన్నా, నేనప్పటికి ఇండియాలనే ఉన్న. కానీ ఆ ఆసుపత్రి జోక్ అందరు చెప్తరు కదా.”

ఆ జోక్ నాదే. ఏడేళ్ల క్రితం ఇదే సంచికలో ఆయన మీద హాస్యవ్యాసం రాశాను, పండగ రోజు వేదికెక్కి నేనే చదివాను. నవ్వు కోసం అందులో ఒక రోజు మార్చాను, లేని డాక్టరును తెచ్చిపెట్టాను, ఉన్న మనిషిని తీసేశాను. దానివల్ల ఆయనకు కూతురు దూరమైంది. సరిచేయడానికి ఏడేళ్ల సమయం ఉండింది. చేయలేదు. పాత వ్యాసం మళ్లీ వేయవద్దని కార్యదర్శికి చెప్పి, దాని బదులు ఇది రాస్తున్నాను.

పేరు రాయను. అప్పుడూ రాయలేదు. ఇక్కడ ఉన్నవాళ్లకు ఎవరో తెలుసు.

ఆయన కాకినాడ మనిషి. మెల్‌బోర్న్‌లో పదహారేళ్లు కార్ల బాడీలకు డిజైన్లు గీశారు. ఆ దేశంలో కార్ల తయారీ ఆగిపోయాక భార్యనూ కూతురినీ తీసుకుని యాభై రెండేళ్ల వయసులో ఇక్కడికి వచ్చారు. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. ఒక ఏడాది మా ఇద్దరిదీ ఒకే ప్రాజెక్ట్.

ఆ దేశపు ఫుట్‌బాల్ గురించి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా ఆయన్ని అడిగేవాళ్లు, కొంత తెలుసుకోవాలని, ఎక్కువగా ఆట పట్టించాలని.

“అంటే రగ్బీ లాంటిదా అన్నగారూ?”

“కాదమ్మా.”

“పోనీ ఇక్కడి ఫుట్‌బాల్ లాంటిదా?”

“కాదు. ఆడేది క్రికెట్ గ్రౌండ్‌లో, నాలుగు క్వార్టర్లు, బంతి కోలగా ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నాలి.”

“గోల్‌కీపర్ ఎవరు మరి?”

“ఎవరూ లేరు. ఆ టైముకి అక్కడెవరుంటే వాళ్లే.”

అప్పుడు పళ్లెంలోని ఇడ్లీని తన ముందుకు లాక్కునేవారు. పంటిపుల్లలు రెండు నిలువుగా గుచ్చి, ఇంకో రెండు సగానికి విరిచి వాటికి అటూ ఇటూ గుచ్చేవారు. మధ్య పొడుగు పుల్లల మధ్యలోంచి బంతి పోతే గోల్, ఆరు పాయింట్లు. పక్కనున్న పొట్టి సందులోంచి పోతే బిహైండ్, ఒకే పాయింటు. పొడుగు స్తంభానికి తగిలినా ఒకటే.

“తప్పినవాడికీ మార్కులేనా? మా వాడి స్కూల్ కంటే నయమే,” అన్నది ఒకసారి మా ఆవిడ.

“ఓదార్పుకి ఇచ్చేది కాదమ్మా అది. ఎంత దగ్గరికొచ్చి తప్పావో ఊరంతా చూడాలని బోర్డు మీద వేస్తారు.”

ఇలాంటి మాట అన్నాక నవ్వేవారు కాదు. పుల్లలు ఒక్కొక్కటే తీసి పళ్లెం అంచున పెట్టి ఇడ్లీ తినేసేవారు.

గోల్ అయితే ఆ ఆటలో అంపైర్ రెండు చూపుడు వేళ్లు నడుము దగ్గర ముందుకు చాపుతాడు. బిహైండ్ అయితే ఒక వేలు. ఆయన ఆ సైగలను ఆఫీసుకు తెచ్చారు. మీటింగ్‌లో ఎవరైనా మంచి మాట చెబితే బల్ల కింద రెండు వేళ్లు చాపేవారు. మాట సగంలో దారి తప్పితే ఒక వేలు. పక్కన కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు కనిపించేది. కొన్నాళ్లకు ఎదురుగా కూర్చునే జర్మన్ సహోద్యోగి కూడా కనిపెట్టాడు. తను మాట్లాడడం పూర్తయ్యాక వంగి బల్ల కిందికి చూసేవాడు, ఎన్ని వేళ్లో అని.

దేన్నీ ఆయన ఒక చేత్తో పట్టుకోరు. సంఘం పిక్నిక్‌లో ఎవరో నిమ్మకాయల సంచి విసిరితే, యాభై మూడేళ్ల మనిషి గాల్లోకి ఎగిరి తలపైన రెండు చేతులతో అందుకుని, సంచిని గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. “పట్టుకున్నాక ఎవరూ ముట్టుకోకూడదు. అది రూలు,” అన్నారు పిల్లలతో. పిల్లలు ఆ రోజంతా ఆయన మీదికి వస్తువులు విసురుతూనే ఉన్నారు.

శనివారం సాయంత్రాలు ఈత కొలను వెనక గడ్డి మైదానంలో విద్యార్థులకు ఆ ఆట నేర్పేవారు. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల చదువుకునే తెలంగాణ కుర్రాళ్లు, వదిన చేసే పులిహోర కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. నేనూ రెండు మూడు సార్లు వెళ్లాను. ఆయన నేర్పినవాటిలో ఒకటి ఎవరికీ చేతకాలేదు. మన వెనక నుంచి బంతి మన తల మీదుగా పోతుంటే, దాన్నే చూస్తూ, ఎదురుగా ఎవరు దూసుకొస్తున్నారో చూడకుండా పరిగెత్తి అందుకోవాలి. ఎవరైనా ఆఖరి క్షణంలో కళ్లు దించేస్తారు. నేనూ దించేశాను.

“ఏం చూశావయ్యా?” అన్నారు.

“ఎవరన్నా గుద్దుతరేమోనని అన్నా.”

“గుద్దితే గుద్దుతారు. నువ్వు మనుషుల్ని చూసేవు, బంతి పోయింది. ఆటంతా ఇంతే తమ్ముడూ. మిగతాదంతా పరిగెత్తడం.”

వాదించడం ఆయనకు గిట్టేది కాదు. ఆ ఆటలో అంపైర్ ఇచ్చిన తీర్పును ప్రశ్నిస్తే, అవతలి జట్టు బంతిని ఇంకో యాభై మీటర్లు ముందుకు తీసుకుపోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో కాగితాల డబ్బాలో ఎవరో ప్లాస్టిక్ పడేస్తే, కింది ఇంటి ముసలాయన అందరి ముందూ ఈయన్ని నిలదీశాడు. వేసింది ఈయన కాదు. “ఎంట్‌షుల్డిగుంగ్” అని క్షమాపణ చెప్పి, ఆ ప్లాస్టిక్ తీసి సరైన డబ్బాలో వేశారు. నేను పక్కనే ఉన్నాను.

“మీరు కాదని చెప్పొచ్చు కదా అన్నా.”

“వాదిస్తే యాభై మీటర్లు పోతాయి తమ్ముడూ. ఉన్నచోటే ఉండి ఆడుకోవాలి.”

ఆ మాట చాలాసార్లు విన్నాను. తర్వాత దాన్ని నాకు అనుకూలంగా వాడుకున్నాను కూడా.

ఆయన జట్టు ఎక్కువగా ఓడిపోయేది. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం ఆట అంటే ఇక్కడ శనివారం తెల్లవారి ఆరు. సాయంత్రం ఆట అంటే ఇక్కడ మధ్యాహ్నానికి కాస్త ముందు. ఓడిన శనివారాల్లో ఆయన బేకరీలో క్యూలో నిలబడితే నాకు దూరం నుంచే తెలిసిపోయేది, జట్టు స్కార్ఫ్ కోటు లోపల ఉండేది. గెలిస్తే కోటు పైన. ఏటా వసంతకాలానికి ముందు ఆ జట్టు సభ్యత్వ కార్డులు పోస్టులో వచ్చేవి. రెండు కార్డులు, ఒకటి ఆయన పేర, ఒకటి వదిన పేర.

ఇక నేను చేసినది.

అప్పటికి నాకు ఇక్కడి తెలుగువాళ్లలో రచయిత అని కొంచెం పేరు వచ్చింది. “ఏం రచయితగారూ, మామీద ఎప్పుడు?” అని అడిగేవాళ్లు. ఉగాదికి నవ్వించేది ఏదైనా చదవమంటే ఆయన్ని ఎంచుకున్నాను. ఇడ్లీ గోలు, నిమ్మకాయల సంచి, బల్ల కింద వేళ్లు, ఇవన్నీ నిజాలే, బాగానే కుదిరాయి. కాని వ్యాసానికి ఒక పెద్ద నవ్వు కావాలి. అంతకుముందు జూలైలో వదినకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. గాల్‌బ్లాడరే అని వాళ్లు అందరికీ చెప్పారు. నేను ఇలా రాశాను:

“లోపల భార్యకు ఆపరేషన్. బయట కారిడార్‌లో భర్తకు సెకండ్ క్వార్టర్. చెవిలో ఇయర్‌ఫోన్, మోకాలి మీద కాగితం, చేతిలో పెన్ను. డాక్టర్ తలుపు తీసి, ‘అంతా అయిపోయిందండీ’ అన్నాడు. ఈయన తలెత్తకుండా, ‘అప్పుడేనా? ఇంకా రెండు క్వార్టర్లున్నాయి,’ అన్నాడు.”

చర్చివాళ్ల హాలు అద్దెకు తీసుకున్నాం. నూట యాభై మందైనా ఉంటారు. ఇంకెప్పుడూ నాకు అలాంటి నవ్వు దొరకలేదు. చప్పట్లు ఆగే దాకా కాగితం దించి నిలబడ్డాను. అప్పుడు ఆయన కనిపించారు, రెండో వరసలో. ఆయన కూడా నవ్వారు, అందరికంటే కొంచెం ఆలస్యంగా. వదిన రాలేదు, ఒంట్లో బాగోలేదన్నారు. పక్కన కూతురు. ఇల్మెనౌలో ఇంజినీరింగ్ చదువుతోంది, పండక్కని రైలెక్కి వచ్చింది. తను నవ్వలేదు. ఆయన తన చెవిలో ఏదో చెప్పబోతే లేచి మంచినీళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

గాల్‌బ్లాడర్ అన్నది నిజం కాదని నాకు తర్వాత తెలిసింది. క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందే వాళ్లిద్దరికీ తెలుసు. జూలైలో అమ్మాయికి పరీక్షలు. చిన్న ఆపరేషనే, నువ్వు చదువుకో అని అమ్మానాన్నలు ఇద్దరూ ఫోన్లో చెప్పారు. ఆపరేషన్ రోజు నాన్న బయట కూర్చుని ఆట విన్నాడని ఆ పిల్లకు మొదట చెప్పింది నేను, మైకులో.

వదిన ఆ నవంబరులో పోయారు.

శ్మశానం హాలు బయట, కోట్లు వేసుకుంటూ అందరం నిలబడి ఉన్నప్పుడు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.

“అంకుల్, ఒకటి అడగాలి. మీరు ఫంక్షన్‌లో చదివారు కదా. క్లినిక్‌లో నాన్న మ్యాచ్ స్కోర్ రాస్తున్నారని. అది జోకా, నిజంగా చూశారా?”

“చూసిన అమ్మా,” అన్నాను.

“ఓకే,” అని వెళ్లిపోయింది.

చూశాను, నిజమే. చూసిన రోజు వేరే, చూసిన సంగతి వేరే. రెండు వాక్యాలు చెబితే అయిపోయేది. అది చెప్పే చోటు కాదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, చుట్టూ నలుగురు ఉన్నారు, వ్యాసం కల్పన అని వాళ్ల ముందు ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణం నాకు దొరకలేదు.

మరుసటి అక్టోబరులో, చలికాలపు టైర్లు వేయించుకోవడానికి వెళ్తే వర్క్‌షాప్ ముందు ఆయన ఉన్నారు. ఇద్దరికీ ఒకే గంటకు టెర్మిన్ ఇచ్చారు. చేతిలో కాఫీ కాగితపు గ్లాసు. ఆ ఏడాది ఆట గురించి పది నిమిషాలు చెప్పారు, కొత్త కోచ్ మంచివాడని, కుర్రాళ్లకు బంతి పట్టడం తెలుస్తోందని. తర్వాత ఆగి, గ్లాసులోకి చూస్తూ అడిగారు.

“అమ్మాయికి ఒక్క ఫోన్ చేస్తావేంటి తమ్ముడూ?”

“దేనికన్నా?”

“ఆస్పత్రిలో నువ్వు చూసింది చెప్పడానికి. నేను చెప్పేను. రెండు సార్లు చెప్పేను. నమ్మట్లేదు. చూసినాయన చెప్పేడు కదా అంటోంది. నువ్వు చెప్తే వింటుంది.”

“తప్పకుండ అన్నా. ఈ వారమే చేస్త.”

“నంబరు ఉందా?”

“ఇయ్యున్రి.”

కాగితం మీద రాసి ఇచ్చారు. లోపల నుంచి నా పేరు పిలిచారు, కారు తీసుకుని వచ్చేశాను.

ఆ వారం పని ఎక్కువగా ఉంది. తర్వాతి వారం ఏం చెప్పాలో రాసుకున్నాను. చదివితే నన్ను నేను సమర్థించుకుంటున్నట్టు ఉంది, చింపేశాను. నెల దాటాక ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని అడుగుతుందేమో అనిపించింది. ఏడాది దాటాక ఇక అది గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో పని పెట్టుకునేవాణ్ణి. ఆయన వాదించే మనిషి కాదు, కాబట్టి పెద్దగా పట్టించుకుని ఉండరు అని కూడా అనుకున్నాను. యాభై మీటర్ల మాటను నేను వాడుకున్నది ఇలా.

ఆయన మళ్లీ అడగలేదు. కలిసినప్పుడల్లా మొదట నా ముఖం వైపు ఒక్క క్షణం చూసేవారు. నేను ఏమీ అనకపోతే ఆట మొదలుపెట్టేవారు. ఆఫ్‌సైడ్ లేని ఆట ప్రపంచంలో అదొక్కటే అన్నట్టు చెప్పేవారు, ఎవరు ఎక్కడైనా నిలబడొచ్చు, ఎవరూ గీత గీసి ఇక్కడే ఉండమనరు అని. ముప్ఫై ఆరు మంది ఒకే మైదానంలో తిరుగుతుంటారు, అయినా ఖాళీ ఎక్కడుందో కనిపెట్టేవాడే ఆటగాడు అని. నేను తలాడించేవాణ్ణి. వదిన పేర కార్డు అప్పటికీ వస్తూనే ఉంది. ఎందుకు ఆపలేదని ఎవరో అడిగితే, “తన జట్టు. నేనెవర్ని ఆపడానికి?” అన్నారు.

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. అమ్మాయి, పక్కన ఒక జర్మన్ కుర్రాడు, చేతుల్లో పూలు, వెనక రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు.

“పెళ్లి చేసుకుంది. ఉద్యోగం హాంబుర్గ్‌లో కదా, అక్కడే.”

“మీరు వెళ్లలేదా అన్నా?” అన్నది మా ఆవిడ.

“లేదమ్మా. అయ్యేక పంపింది.”

మా ఆవిడ స్వీటు తేవడానికి లోపలికి వెళ్లింది. ఆయన ఫోన్ మోకాలి మీద పెట్టుకుని ఫొటోనే చూస్తున్నారు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటి, నడుము దగ్గర, ముందుకు చాపి ఉంది. నన్ను చూడమని కాదు. నేను చూడడం కూడా ఆయనకు తెలియదు. ఆ రాత్రికల్లా నేను ఫోన్ చేసి ఉండాల్సింది. నంబరున్న కాగితం ఎక్కడుందో కూడా నాకు తెలుసు.

ఈ జనవరిలో ఆఫీసులోనే గుండె ఆగిపోయి ఆయన పోయారు. అమ్మాయి వచ్చి అన్నీ చేసింది, రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయించి వెళ్లింది. శ్మశానంలో నా వైపు తల ఊపింది. నేనూ ఊపాను. అప్పుడు కూడా చెప్పలేదు.

కార్యదర్శి ఫోన్ పెట్టేశాక ఆ కాగితం తీసి, ఆ నంబరుకు ఫోన్ చేశాను. నంబరు మారలేదు. చెప్పాల్సింది మొత్తం ఆపకుండా చెప్పాను. ఆ ఆట ముందు పట్టింది మీ నాన్నకు కాదు, మీ అమ్మకు అన్న దగ్గర మొదలుపెట్టాను, అది తనకు తెలిసినదే అయినా. వదిన మెల్‌బోర్న్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసేవారు. శనివారం ముసలివాళ్లంతా టీవీ ముందు చేరితే ఎవరిది ఏ జట్టో తెలియకుండా టీ ఇవ్వడం కుదిరేది కాదట, ఓడినవాళ్లకు ముందు ఇవ్వాలి కాబట్టి. తొంభై దాటిన ఒకావిడ తన ఊలు స్కార్ఫ్ తీసి వదిన మెడలో వేసి, ఇకనుంచి నువ్వు మా జట్టు అంది. ఆయనకు అప్పటికి క్రికెట్ ఒక్కటే తెలుసు. నా వ్యాసంలో ఇదేమీ లేదు. నవ్వులాట కథల్లో భర్తకు పిచ్చి ఉంటుంది, భార్య తల కొట్టుకుంటుంది. వదినను ఆ భార్యగా మార్చేశాను. ఆపరేషన్ రోజు నేను ఆసుపత్రికి వెళ్లనే లేదని, వెళ్లింది మర్నాడని, డాక్టర్ మాట నేను పుట్టించిందని, స్కోరు ఆయన రాసింది వదిన కోసమని చెప్పాను.



“నాన్న నాకు ఎగ్జాక్ట్‌గా ఇదే చెప్పారు అంకుల్.”

“తెలుసమ్మా.”

“నేను నమ్మలేదు. ఎందుకంటే మీరు చూశానన్నారు.”

“అవునమ్మా.”

“నన్ను సారీ అడగకండి. దానికి నేనేం చెప్పాలో నాకు తెలీదు.” తనే మళ్లీ అడిగింది. “ఆ రోజు ఎవరు గెలిచారు?”

“నాకు తెల్వదమ్మా. సగం ఆట కాంగనే వచ్చేసిన.”

“ఓకే. అది కూడా రాయండి, తెలీదని. చూసినంత వరకే రాయండి. ఏమీ కలపొద్దు. ఫన్నీగా చేయొద్దు. నేను చదవలేను కాబట్టి మీరే చదివి వాయిస్ నోట్ పంపండి.”

సరేనన్నాను. చూసింది ఇది.

ఆపరేషన్ గురువారం. నేను వెళ్లింది శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో. మా ఆవిడ ఇడ్లీ డబ్బా ఇచ్చి పంపింది, ఆయన తింటారని. మూడో అంతస్తు కారిడార్‌లో కుర్చీలో ఆయన ఉన్నారు. చెవిలో ఇయర్‌ఫోన్, మోకాలి మీద కాగితం, చేతిలో పెన్ను. నన్ను చూసి ఆగమన్నట్టు అరచెయ్యి చూపించారు. పక్కన కూర్చున్నాను. కాగితం నిండా చిన్న అక్షరాలు. ఎవరు పట్టుకున్నారు, ఎవరికి అందించారు, ఎవరు తన్నారు, వాన పడుతోందా లేదా. పావుగంట తర్వాత ఇయర్‌ఫోన్ తీసి, “రా,” అని లేచారు.

గదిలో రెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద ఒక జర్మన్ ముసలావిడ నిద్రపోతోంది. ఆవిడ కోసమే లోపల ఆట పెట్టుకోలేదు. వదిన కళ్లు మూసుకుని ఉన్నారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, స్క్రీన్ చూస్తే కళ్లు తిరుగుతున్నాయట. చేతికి ట్యూబు ఉంది.

“ఎంత?” అన్నారు వదిన, కళ్లు తెరవకుండా.

“ఎంతో ఆఖర్న చెప్తాను. ముందు నుంచీ విను,” అని ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టారు. గొంతు బాగా తగ్గించి, ఒక్కొక్క వాక్యం.

“సెంటర్లోంచి బంతి మనోళ్లకే వచ్చింది.”

“ఎవరికి?”

“ఆ పొడుగాటి కుర్రోడికి.”

“మోకాలు నయమైందా వాడికి?”

“పరిగెడుతున్నాడు మరి.”

అలా ఆ క్వార్టరంతా చెప్పారు. నర్సు వచ్చి ట్యూబు చూసి వెళ్లింది. నేను గోడ దగ్గర డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

“మొత్తం అయిదు గోల్సు, మూడు బిహైండ్లు. ముప్ఫై మూడు. వాళ్లది నలభై ఒకటి. ఎంతో దూరం లేదు.”

వదిన కళ్లు తెరిచారు.

“ఆ అయిదోది ఎవరు కొట్టేరన్నారు?”

“ఎడంకాలి వాడు. ఎడం పక్క బౌండరీ మీంచి.”

“వాడా? ఎడం పక్కనించా?”

“ఆ.”

“తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను వాణ్ణి. అక్కణ్ణించి ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు. నేను మంచం మీదున్నానని ఇవాళ పెట్టేడా?”

ఆయన కాగితం వైపు చూశారు.

“స్తంభానికి తగిలింది,” అన్నారు.

“తగిలితే ఎంత?”

“ఒకటి.”

“మరి ఒకటే వెయ్యండి. ఓడిపోడం నాకు కొత్తా ఏంటి? నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి.”

ఆయన పెన్ను తీసి కొట్టేశారు. నాలుగు గోల్సు, నాలుగు బిహైండ్లు, ఇరవై ఎనిమిది అని రాసి కాగితం వదిన ముఖం ముందు పట్టుకున్నారు. వదిన కళ్లు చికిలించి చదివారు, తల ఊపారు.

“వెళ్లి కూర్చోండి. మొదలైపోతుంది.”

ఆయన లేచి కారిడార్‌లోకి వెళ్లారు. నేను డబ్బా బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కొత్త కాగితం మోకాలి మీద పరుచుకుంటున్నారు.